ఎసట్లో ఏ నీళ్ళు?

"జనానికి అవగాహన లేదండీ." ఆరోగ్యం మీద ఏ సభ పెట్టినా, ఏ సమీక్ష వార్త చదివినా ఈ మాట తప్పకుండా ఉంటుంది. ఈమధ్య కనిగిరి వైపు ఒక బడి వరండాలో ఫ్లోరైడ్ మీద జరిగిన సదస్సులోనూ అదే పాట. వెనక ఫ్లెక్సీ, ముందు ఇరవై కుర్చీలు, నేలమీద ఉపాధి పని నుంచి నేరుగా వచ్చిన ఆడవాళ్ళు. మాట్లాడినాయన ఫ్లోరైడ్ వల్ల ఎముకలు వంగుతాయని చెప్పాడు, మంచినీళ్ళే తాగాలని చెప్పాడు, చివర్లో "కాచి చల్లార్చిన నీళ్ళు తాగండి" అని ముగించాడు. ముందు వరసలో కూచున్న పెద్దావిడ అడిగింది: "కాస్తే అది పోద్దా సారూ?" ఆయన కాస్త తటపటాయించి "కాస్తే మంచిదేనమ్మా" అన్నాడు. చప్పట్లు, బిస్కెట్లు, ఫొటో.

పోదు. ఫ్లోరైడ్ ఆవిరై ఎగిరిపోయే సరుకు కాదు. 5 లీటర్లు కాచి 4 లీటర్లకు దించితే పోయింది లీటరు నీరు మాత్రమే, ఫ్లోరైడ్ అంతా గిన్నెలోనే ఉంది. లీటరుకు 3 మిల్లీగ్రాములున్న నీళ్ళు 3.75కి చేరతాయి. కాచి చల్లార్చమనడం వానాకాలపు వాంతులు విరేచనాలకు మంచి మాటే. క్రిములు చస్తాయి. దాన్నే తెచ్చి ఫ్లోరైడ్ ఫ్లెక్సీకి అతికించడమంటే, గ్యాసు తగలేసి మరీ నీళ్ళను చిక్కబరచుకోమని చెప్పడం. ఆ వరండాలో సరైన ప్రశ్న అడిగింది పెద్దావిడ. అవగాహన లేదని పేరు పడింది కూడా ఆవిడకే.

అందుకే ఆ మాటంటే నాకు గిట్టదు. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఆరోగ్యం గురించి చెప్పేవాళ్ళు ఒక ఇంట్లో ఎన్ని లీటర్లు ఎక్కడ ఖర్చవుతున్నాయో, ఎన్ని రూపాయలు ఎటు నుంచి వచ్చి ఎటు పోతున్నాయో చూడకుండా చెబుతున్నారు. ఆ లెక్క లేకుండా చెప్పినది విన్నవాళ్ళకు పనికిరాదు, పాటించలేదన్న నింద మాత్రం మిగులుతుంది.

తెలియక కాదు

మన దేశంలో ఫ్లోరోసిస్‌ను గుర్తించి వైద్య పత్రికలకెక్కించింది 1937లో, షార్ట్ అనే డాక్టరు, ఆయన సహచరులు. అదీ అప్పటి నెల్లూరు జిల్లా ఊళ్ళను చూసి. కనిగిరి, పొదిలి, కందుకూరు 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడేదాకా నెల్లూరు కిందే ఉండేవి. 1972లో ఆ జిల్లా ప్రకాశమైంది. 2022లో కందుకూరు తిరిగి నెల్లూరులో కలిసింది. జిల్లాల గీతలు అటూ ఇటూ జరిగాయి, బోరు కింద రాయి మాత్రం అదే. కేంద్రం 2008–09లో ఫ్లోరోసిస్ నివారణ కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు ముందుగా తీసుకున్న ఐదు జిల్లాల్లో నెల్లూరు ఒకటి. పశ్చిమ ప్రకాశానికి కృష్ణా నీళ్ళిస్తామని వెలిగొండ ప్రాజెక్టుకు పునాదిరాయి వేసింది 1996లో. ఆ రాయి వేసిన ఏడాది పుట్టిన పిల్ల ఇప్పుడు తన బిడ్డకు ఏ నీళ్ళతో జావ కాయాలా అని చూస్తోంది. ఇన్నేళ్ళ చరిత్ర ఉన్న జబ్బుకు ఇంకా "జనానికి తెలియదు" అంటే ఎలా?

తెలియనిది మాత్రం ఒకటుంది, అది నాలుక చేసే మోసం. మన ఊళ్ళలో నీళ్ళ మంచిచెడ్డలు తేల్చే పాత పరీక్షలు రెండు: ఉప్పగా లేకపోవాలి, పప్పు త్వరగా ఉడకాలి. కాల్షియం ఎక్కువున్న గట్టినీళ్ళలో పప్పు ఉడకదు, అది నిజమే. కానీ మన రాతినేలలో ఫ్లోరైడ్ బాగా కరిగేది కాల్షియం తక్కువగా, సోడా గుణం ఎక్కువగా ఉన్న నీళ్ళలోనే. అంటే తియ్యగా ఉండి, పప్పు మెత్తగా ఉడికించే బోరే చాలాసార్లు ఫ్లోరైడ్ బోరు. ఊరంతా మెచ్చుకునే బోరు మీద అనుమానం ఎవరికి వస్తుంది? చిల్లగింజ అరగదీసినా, చిటికెడు పటిక తిప్పినా బురద తేరుతుంది, ఫ్లోరైడ్ తగ్గదు. పటికతో ఫ్లోరైడ్ తీసే నల్గొండ పద్ధతి ఉన్న మాట నిజం. కానీ దానికి పటిక లీటరుకు వందల మిల్లీగ్రాములు పడుతుంది, ఆ మోతాదు నీటిలోని ఫ్లోరైడ్‌ను, క్షారాన్ని బట్టి మారుతుంది, సున్నం కూడా కలపాలి, కాసేపు కలియబెట్టి గంటసేపు తేరనివ్వాలి. కొలత తప్పితే తేరిన నీళ్ళలో అల్యూమినియం మిగులుతుంది. వంటింట్లో కంటి అంచనాతో అయ్యే పని కాదు.

లెక్క ఇలా కట్టాలి

సర్వేకు ఎవరొచ్చినా అడిగే ప్రశ్న "ఏ నీళ్ళు తాగుతారు?" జవాబు "క్యాను నీళ్ళే". కాగితంలో టిక్కు పడుతుంది, ఆ ఇల్లు భద్రమైన ఇళ్ళ ఖాతాలో చేరిపోతుంది. ఎసట్లో ఏ నీళ్ళు పోస్తారని ఎవరూ అడగరు.

నలుగురున్న ఇంట్లో, ఎండలో కష్టపడేవాళ్ళున్న ఇంట్లో, రోజుకు కిలోంబావు బియ్యం వండుతారనుకుందాం. అత్తెసరు పెడితే సుమారు 3 లీటర్ల నీళ్ళు. పప్పు, పులుసు, కూరల్లోకి 2 లీటర్లు. టీకి, పిల్లల జావకు ఇంకో లీటరు. మొత్తం 6. బోరులో లీటరుకు 3 మిల్లీగ్రాములుంటే 18 మిల్లీగ్రాములు వంటలోకి వెళ్ళినట్టు. తలా 4.5. క్యాను నీళ్ళు తాగుతూ, బోరు నీళ్ళు ఒక్క గుక్కయినా తాగకుండా ఒంట్లోకి వెళ్ళేది ఇది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములన్న హద్దు దగ్గరున్న నీళ్ళు రోజుకు 2 లీటర్లు తాగితే చేరేది 3 మిల్లీగ్రాములే. క్యాను కొంటున్న ఇల్లు తిండితోనే ఆ 3 దాటేసింది. వెనకటిలా గంజి వారిస్తే కొంత గంజితో పోతుంది. ఇప్పుడు కరెంటు కుక్కర్లు వచ్చాక అన్నీ అత్తెసర్లే.

ఆ 1.5 సంగతీ చెప్పుకోవాలి. మన దేశపు ప్రమాణంలో మొదటి అంకె 1, వేరే దారి లేనిచోట ఒప్పుకునేది 1.5. పెద్దమనిషి రోజుకు 2 లీటర్లు తాగుతాడన్న అంచనా మీద నిలబడ్డ అంకె అది. మే నెలలో పొగాకు బేళ్ళు మోసే మనిషి, పామూరు రోడ్డు మీద తారు పనిచేసే మనిషి 5 లీటర్లు తాగుతాడు. హద్దులోపలి నీళ్ళు తాగి కూడా అతని ఒంట్లోకి 7.5 వెళ్తుంది. ఎండ, నీరు తాగే పరిమాణం చూసుకుని దేశాలు హద్దు పెట్టుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్పింది. ఫ్యాను కింద కూచున్నవాడికీ ఎండలో ఉన్నవాడికీ ఒకే హద్దు పెట్టి, రిపోర్టులో "పరిమితిలోనే ఉంది" అని రాస్తున్నాం. కూలితనం కూడా ఒక మోతాదేనని ఆ కాగితంలో ఎక్కడా ఉండదు.

ఒక్క క్యానే కొనగలిగితే

"రెండు క్యాన్లు కొనుక్కోండి" అనడం తేలిక. ఊరిని బట్టి క్యాను పదికో ఇరవైకో వస్తుంది, ఇంటి ముందు దింపితే ఇంకొంచెం ఎక్కువ. 2014 అక్టోబరు 2న ప్రభుత్వం సుజల స్రవంతి పథకం కింద 20 లీటర్లు 2 రూపాయలకు ఇస్తామని మొదలుపెట్టినప్పుడు ఈ బాధ తీరుతుందనుకున్నాం. పని దొరకని వారం మొదట ఆగేది రెండో క్యానే.

కాబట్టి చెప్పదగ్గ మాట వేరే ఉంది: ఉన్న 20 లీటర్లు ఎలా పంచుకోవాలి? ఇక్కడ మాత్రం సమాచారం నిజంగా పనిచేస్తుంది, పైసా ఖర్చు లేకుండా. పంటి పింగాణీ తయారయ్యేది పుట్టినప్పటి నుంచి సుమారు ఎనిమిదేళ్ళ దాకా. ఆ లోపల పడ్డ మచ్చ జీవితాంతం ఉంటుంది, ఎనిమిది దాటాక మొదలైన నీళ్ళ వల్ల కొత్తగా పంటి మీద మచ్చ రాదు. తల్లి ఎలాంటి నీళ్ళు తాగినా తల్లిపాలలోకి వచ్చే ఫ్లోరైడ్ బహు స్వల్పం. అంటే మొదటి ఆరు నెలలు తల్లిపాలే పట్టిన బిడ్డకు ముప్పు లేదు. ముప్పు మొదలయ్యేది డబ్బా పాలు బోరు నీళ్ళతో కలిపినప్పుడు, ఆరో నెలలో ఉగ్గు, జావ మొదలైనప్పుడు. అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతం కూడా నీళ్ళతో కలిపేదే. ఏ నీళ్ళతో కలపాలో పొట్లం ఇచ్చేటప్పుడు ఒక్క ముక్క చెబితే చాలు.

కాబట్టి క్యాను రాగానే ముందు పసివాళ్ళ వాటా: ఏడాది బిడ్డ జావకు, తాగడానికి లీటరు, ఐదేళ్ళదానికి రెండు లీటర్లు. తర్వాత ఎసరుకు, పప్పుకు 6 లీటర్లు, ఎందుకంటే ఆ అన్నం పిల్లలూ తింటారు. మిగిలిన 11 లీటర్లు పెద్దవాళ్ళు తాగడానికి. బియ్యం కడగడం బోరు నీళ్ళతో కానివ్వచ్చు, కడుగు పారబోసేదే. పప్పు, మినుములు నానబెట్టడం మాత్రం క్యాను నీళ్ళతోనే, నానే గింజ నీళ్ళను పీల్చుకుంటుంది. టీ ఆకులోనే కొంత ఫ్లోరైడ్ ఉంటుంది, బోరు నీళ్ళ డికాషన్ బాగా మరిగిస్తే రెండూ కలుస్తాయి. ఇవన్నీ ఒక పోస్టుకార్డు మీద పట్టే ముక్కలు. ఫ్లెక్సీ మీద మాత్రం వంగిపోయిన కాళ్ళ ఫొటో పెట్టి "జాగ్రత్త" అని రాస్తారు.

వాననీళ్ళ మాట కూడా ఇక్కడే. 20 చదరపు మీటర్ల స్లాబు మీద ఏడాదికి 600 మిల్లీమీటర్ల వాన పడి, ఐదో వంతు వృథా అయినా 9,600 లీటర్లు వస్తాయి. వంటకు రోజుకు 6 చొప్పున ఏడాదికి కావలసింది 2,190. వెయ్యి లీటర్ల సింటెక్స్ ట్యాంకు ఐదున్నర నెలల ఎసరు. మొదటి వాన పైపు తిప్పి బయటికి వదిలేయాలి, మూత బిగువుగా ఉండాలి, గొట్టానికి వల కట్టాలి. మన పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కాబట్టి డిసెంబరులో నిండిన ట్యాంకు వేసవి చివరి దాకా వస్తుంది. ఇది పూరింట్లో కుదరదు, అద్దెకున్నవాళ్ళకు కుదరదు. ఎవరికి కుదురుతుందో వాళ్ళకు ముందే రెండు క్యాన్లు కొనే శక్తి ఉంటుంది. ఇదీ మన సలహాల బతుకు.

పాలు కేంద్రానికి

ఫ్లోరైడ్ ఒక్కటే ఎముకలు వంచదు. తిండిలో కాల్షియం తక్కువైన పిల్లలకు అదే నీళ్ళు ఇంకా ఎక్కువ చేటు చేస్తాయి. అందుకని పాలు, రాగులు, మునగాకు, నువ్వులు తినమంటారు. మంచి సలహా. ఉదయం ఐదున్నరకు ఏ ఊళ్ళోనైనా పాల కేంద్రం దగ్గర నిలబడి చూడండి. రెండు బర్రెలున్న ఇల్లాలు క్యారేజీ తెస్తుంది, కొలత పడుతుంది, మిషన్లో చెంచాడు పోస్తారు, చీటీ వస్తుంది. వెన్న ఎంత, ఎస్ఎన్ఎఫ్ (వెన్న కాక పాలల్లో ఉండే గట్టిసరుకు) ఎంత, లీటర్లెన్ని, రేటెంత. ఆవిడ బడికెళ్ళింది మూడో తరగతి దాకానే కావచ్చు. చీటీ చూడగానే, "నిన్న 6.8 కదా, ఈయాల 6.5 ఏందబ్బయా? అదే మేతే కదా!" అంటుంది. కేంద్రం కుర్రాడు మళ్ళీ పోసి చూపించాల్సిందే.

ఆ పాల డబ్బుతోనే దాణా కొనాలి, అప్పు కట్టాలి, క్యాను కొనాలి. పాలు కేంద్రానికి వెళ్ళి, ఆ డబ్బులు నీళ్ళై ఇంటికొస్తాయి. పిల్లల గ్లాసులోకి వచ్చేది టీలో తెలుపు మందం. ఈ ఇంటికి వెళ్ళి "పాలల్లో కాల్షియం ఉంటుందమ్మా, పిల్లలకు పట్టాలి" అని చెప్పొచ్చేవాళ్ళను చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు. సజ్జ సంకటి, రాగి సంకటి పళ్ళెంలోంచి జారి బియ్యం వచ్చిన కథా అంతే. 1983లో కిలో రెండు రూపాయలకు బియ్యం వచ్చాక ఆకలి తీరింది, అందులో తప్పు పట్టాల్సింది లేదు. కానీ అదే కార్డు మీద రాగులు కూడా అంత చవకగా వచ్చి ఉంటే ఇవాళ "మీరు చిరుధాన్యాలు తినడం మానేశారు" అని జనాన్ని మందలించే పని తప్పేది.

మాత్రల దగ్గరా ఇదే తంతు. గర్భిణికి ఐరన్ మాత్రలు, కాల్షియం మాత్రలు ఒకే సంచిలో ఇస్తారు. రెండూ కలిపి వేసుకుంటే కాల్షియం ఐరన్‌ను ఒంటబట్టనివ్వదు, టీ కూడా అంతే. కాల్షియం అన్నంతో పాటు రెండు పూటలా, ఐరన్ దానికి కనీసం రెండు గంటల ఎడంగా. పొద్దున ఏడింటికి సద్ది తిని మిరప కోతకు పోయే మనిషికి ఆ ఎడం ఎక్కడ దొరుకుతుంది? పదకొండు గంటలకు, చేలో, నీళ్ళతో. అంటే ఐరన్ మాత్ర కొంగున కట్టుకుని వెళ్ళాలి, అక్కడి టీ ముందు కాకుండా చూసుకోవాలి, విరేచనం నల్లగా వస్తే భయపడి మానకూడదు. ఇంత చెప్పడానికి రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాలు రిజిస్టర్లు నింపడంలో పోతాయి.

పెన్ను చూపించే అంకె

క్యాను నీళ్ళ మీద నమ్మకం గురించి నాకు సందేహాలున్నాయి. ప్లాంటాయన పెన్నులాంటి మీటరు ముంచి "టీడీఎస్ 60, అమృతం" అంటాడు. ఆ పెన్ను కొలిచేది నీళ్ళలో కరిగిన లవణాల మొత్తాన్ని, కరెంటు ఎంత పారుతోందన్న దాన్ని బట్టి. ఫ్లోరైడ్ ఎంతో దానికి తెలియదు. 800 ఉప్పులో 3 మిల్లీగ్రాములు ఎంత? ప్లాంటులో నీళ్ళను వడగట్టే పొర, మెంబ్రేను, కొత్తదైతే ఫ్లోరైడ్‌లో ఎక్కువ భాగం ఆగుతుంది. పాతబడితే, కడగడం మానేస్తే, రుచి కోసం బోరు నీళ్ళు కొంచెం కలిపితే మెల్లగా పైకి వస్తుంది, నాలుకకు తెలియదు. ఇక సగం నీళ్ళు శుద్ధయి సగం వ్యర్థంగా పోయే ప్లాంటులో ఆ వ్యర్థంలో ఫ్లోరైడ్ దాదాపు రెట్టింపు. దాన్ని ప్లాంటు వెనక గుంటలోకి వదులుతారు, గుంటకు పదిగజాల్లో అదే ప్లాంటు బోరు.

అయినా క్యాను మానమని నేననను. ఎక్కువ ఊళ్ళలో ఇవాళ్టికి ఉన్న అడ్డు అదొక్కటే. నాలుగు నెలలకోసారి ప్లాంటు నీళ్ళకు విడిగా ఫ్లోరైడ్ పరీక్ష చేయించి, ఆ కాగితం గోడకు అంటించమని అడగండి.

అయితే చెప్పడం దండగా?

ఇక్కడిదాకా చదివినవాళ్ళు అడగొచ్చు: పేదరికమే అసలు కారణమైతే, చదువూ అవగాహనా దేనికి? మన జిల్లాలోనే జవాబుంది. నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా ఉద్యమం పుట్టింది అక్షరాస్యత కార్యక్రమంలోంచి. రాత్రిబడి వాచకంలో తాగుబోతు మొగుడున్న సీతమ్మ పాఠం చదివిన ఆడవాళ్ళు సారా దుకాణం మూయించారు, రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. 1993 అక్టోబరు 1న సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్య నిషేధం వచ్చాయి, రెండోది 1997లో సడలిపోయింది. సారా చెడ్డదని ఆ ఆడవాళ్ళకు పాఠం చెప్పాల్సిన పనేముంది? వీపు మీద వాతలే చెప్పాయి. రాత్రిబడి వాళ్ళను ఒకచోట కూచోబెట్టింది, ఎవరింటి కూలి ఎంత ఏ దుకాణానికి పోతోందో బయటికి అనిపించింది. ఒంటరిగా "నా ఖర్మ" అనుకున్నది పదిమంది నోట ఒకే అంకెగా వినిపించేసరికి దాన్ని తీసుకెళ్ళి ఎవరిని నిలదీయాలో తెలిసింది.

ఫ్లోరైడ్‌కు అలాంటిది జరగకపోవడానికి ఒక కారణం సిగ్గు. పంటి మీద అడ్డంగా పడ్డ తెల్లటి, గోధుమరంగు చారలను బళ్ళో "గారపళ్ళు" అంటారు, "పళ్ళు తోమవా?" అని నిలబెడతారు. గార చిగురు మొదట్లో పేరుకుంటుంది, గీకితే వస్తుంది. ఫ్లోరైడ్ చార పంటికి అడ్డంగా, కుడిఎడమల జంటపళ్ళ మీద ఒకేలా ఉంటుంది, ఎంత తోమినా పోదు. ఆ పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వడం నేర్చుకుంటుంది. తాత నడుము పట్టేస్తే వాతమని ఆర్ఎంపీ సూది వేస్తాడు, నొప్పి మాత్రలు ఏళ్ళ తరబడి మింగి కిడ్నీ దెబ్బతింటే ఒంట్లోంచి ఫ్లోరైడ్ బయటికి పోయే దారీ సన్నగిల్లుతుంది. మోకాళ్ళు వంచకుండా కాలివేళ్ళు అందుకోగలడా, గడ్డం రొమ్ముకు తగులుతుందా, చేతులు తల వెనక్కి పెట్టగలడా? ఈ మూడూ చేయించి చూడటానికి నిమిషం చాలు. చేయించేవాళ్ళు అరుదు.

నీళ్ళ అంకె సంగతీ అంతే. జల్ జీవన్ మిషన్ కింద ఊరికి ఐదుగురు ఆడవాళ్ళకు కిట్టుతో పరీక్ష నేర్పాలి. బోరు కాసేపు వదిలేసి, ప్లాస్టిక్ సీసాలో పట్టి, గీత దాకా పోసి, చుక్కలు వేసి, నీడపట్టున వెలుతుర్లో రంగు కార్డుతో పోల్చాలి. గులాబీ పసుపు వైపు తిరిగినకొద్దీ ఫ్లోరైడ్ ఎక్కువ. ద్రావకం గడువు దాటితే రంగు అబద్ధమాడుతుంది. 1 దగ్గరా 1.5 దగ్గరా కంటికి తేడా అందదు, అలాంటి నమూనా గ్రామీణ నీటి సరఫరా వాళ్ళ ల్యాబుకు పంపాలి. వానలకు ముందోసారి, తర్వాతోసారి. ఇదంతా చేసిన ఊళ్ళలో కూడా ఫలితం ఫోన్లో ఎక్కి పైకి పోతుంది.

పాల కేంద్రం గోడ మీద వెన్న శాతానికి ఎంత రేటో పట్టిక ఉంటుంది, మారిన రోజునే దిద్దుతారు. నాలుగడుగుల అవతల బోరు దిమ్మె ఉంది, దాని మీద కట్టించినవాళ్ళ పేర్లు, ప్రారంభించినవాళ్ళ పేర్లు, తేదీ ఉన్నాయి. ఫ్లోరైడ్ ఎంతో రాయడానికి ఆ పలక కింద జానెడు చోటు ఖాళీగానే ఉంది.